కౌన్సెలింగ్‌కి వచ్చేముందు, వచ్చాక: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మాది చిన్న కౌన్సెలింగ్ సెంటర్. ఒక క్లినికల్ సైకాలజిస్టు, ముగ్గురు కౌన్సెలింగ్ సైకాలజిస్టులు ఉన్నారు. సైకియాట్రిస్టు వారంలో రెండు సాయంత్రాలు వస్తారు. ఫోన్లో, రిసెప్షన్ దగ్గర, ఒక్కోసారి సెషన్ అయిపోయి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, జనం అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. వాళ్ల మాటల్లోనే ఉంచి, ఒకచోట రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

నాకేం పిచ్చి లేదు కదా, నేనెందుకు రావాలి?

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోజూ ఉద్యోగానికి వెళ్తూ, పిల్లలకు బాక్సు కట్టి పంపుతూ, బయటికి మామూలుగా కనిపించేవాళ్లే. నిద్ర పట్టదు, చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాదు. రావాలో వద్దో తేల్చుకోవడానికి రెండు విషయాలు చూసుకోండి. ఇలా ఎన్నాళ్లుగా ఉంది? దీనివల్ల ఏం ఆగిపోయింది? రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండి, నిద్ర, పని, మనుషులతో మాటల్లో ఏదో ఒకటి దెబ్బతింటుంటే వచ్చి ఒకసారి మాట్లాడటం మేలు. వచ్చినంత మాత్రాన ఏదో జబ్బు పేరు అంటగట్టి పంపం. ఒక్కసారి మాట్లాడి, ఇక అక్కర్లేదనుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు.

ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరి ఆడనట్టు, చచ్చిపోతానేమోనని భయం. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ నార్మల్ అన్నారు. మరి నాకొచ్చిందేంటి?

ముందు గుండె పరీక్షలు చేయించుకోవడం సరైన పనే. థైరాయిడ్ చూపించుకోకపోతే అదీ చూపించుకోండి, అది ఎక్కువైనా దడ వస్తుంది. అన్నీ బాగున్నాయంటే అది పానిక్ అటాక్ కావచ్చు. సాధారణంగా పది నిమిషాల్లోపే బాగా పెరిగి, ఆ తర్వాత దానంతట అదే తగ్గుతుంది. ఇబ్బందంతా రెండో అటాక్ ఎప్పుడొస్తుందోనన్న భయంతో మొదలవుతుంది. బస్సెక్కడం మానేస్తారు, ఒంటరిగా ఇంట్లో ఉండరు, జేబులో మాత్ర లేకుండా బయటికి రారు.

దీనికి చేసే థెరపీ చూడటానికి కాస్త వింతగా ఉంటుంది. స్ట్రాతో గాలి పీల్చమంటాం, కుర్చీలో గుండ్రంగా తిప్పుతాం, మెట్లు గబగబా ఎక్కిస్తాం. దడ వచ్చినా ఏమీ కాదని మీకు అనుభవంలో తెలియాలని ఇవన్నీ. గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలతో నెట్టుకొచ్చినవాళ్లకి కూడా ఇది పనిచేస్తుంది.

జాతకం చూపించాం, తాయెత్తు కట్టించాం, దర్గాకి కూడా తీసుకెళ్లాం. ఇప్పుడు మీ దగ్గరికొస్తే తిడతారా?

తిట్టం. పూజలు, మొక్కులు మానమని కూడా చెప్పం. వాటివల్ల కుటుంబానికి ధైర్యం వస్తుందంటే కొనసాగించండి. మాకు అభ్యంతరం మూడు చోట్లే: మాత్రలు ఆపించడం, తిండి పెట్టకుండా ఉంచడం, కొట్టడమో కట్టేయడమో చేయడం. మానసిక జబ్బు ఉన్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది.

పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని పెద్దవాళ్లంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. డిప్రెషన్‌కీ, స్కిజోఫ్రీనియాకీ (లేని మాటలు వినిపించే, లేని కుట్రలు నమ్మించే జబ్బు), ఓసీడీకీ (అనుమానంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) పెళ్లి వైద్యం కాదు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, తగ్గిన నిద్ర కలిసి కొందరిలో జబ్బును మరింత పెంచుతాయి కూడా. పైగా ఏమీ తెలియని ఇంకో మనిషిని ఇందులోకి లాగుతున్నాం. చికిత్స తీసుకుని నిలకడగా ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుని హాయిగా ఉండొచ్చు. అవతలివాళ్లకు ముందే చెప్పి చేసుకోవాలన్నదే మా మాట. దాచిపెడితే మాత్రలు దొంగచాటుగా వేసుకోవాల్సి వస్తుంది. అలా వేసుకునే మాత్రలు ఎంతోకాలం సాగవు.

## ఎవరిని కలవాలో తెలియనప్పుడు

సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, కౌన్సెలర్... వీళ్లలో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చేసి, ఆ తర్వాత సైకియాట్రీలో ఎండీయో డిప్లొమానో చేసిన డాక్టర్. మందులు రాసేది వీళ్లే. మన ఊళ్లలో నరాల డాక్టర్ అని పిలిచేది చాలాసార్లు వీళ్లనే. క్లినికల్ సైకాలజిస్టు డాక్టర్ కాదు. సైకాలజీలో పీజీ చేసి, ఆపైన ఆసుపత్రిలో శిక్షణతో కూడిన కోర్సు చేసినవారు. ఇప్పటిదాకా ఎక్కువమంది చదివింది రెండేళ్ల ఎమ్‌ఫిల్. జబ్బుల అంచనా, ఐక్యూ వంటి పరీక్షలు, థెరపీ వీళ్ల పని. కౌన్సెలింగ్ సైకాలజిస్టులు సైకాలజీలో పీజీ చేసి, కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందినవాళ్లు. దుఃఖం, ఉద్యోగం టెన్షన్, చదువు ఒత్తిడి, సంసారంలో గొడవల వంటివి చూస్తారు.

ఎవరూ లేకుండా మాటలు వినిపించడం, ఎవరో కుట్ర చేస్తున్నారన్న గట్టి నమ్మకం, రోజుల తరబడి నిద్ర లేకున్నా విపరీతమైన హుషారు, అసలు తినకపోవడం, ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలు ఉంటే ముందు సైకియాట్రిస్టుని కలవాలి. మిగతావాటికి ఎవరితో మొదలుపెట్టినా నష్టం లేదు, అవసరాన్ని బట్టి మేమే ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి పంపుతాం.

బోర్డు మీద ఏదైనా రాసుకుంటారు. చదువు నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

అడగండి. మా దగ్గరే కాదు, ఎక్కడైనా. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. సైకియాట్రిస్టులకు మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటుంది, ప్రిస్క్రిప్షన్ మీద కనిపించాలి.

చిక్కంతా కౌన్సెలర్ అన్న మాట దగ్గర. ఆ పేరు ఎవరైనా పెట్టుకోగలుగుతున్నారు. 2021లో అలైడ్ (వైద్యానికి అనుబంధంగా ఉండే) ఆరోగ్య వృత్తుల కోసం కేంద్రం ఒక చట్టం తెచ్చింది, క్లినికల్ కాని మిగతా సైకాలజిస్టులు, కౌన్సెలర్లు దాని పరిధిలోకి వస్తారు. అది పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా మీ జాగ్రత్తలో మీరుండాలి. పీజీ ఎక్కడ చేశారు, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు, ఇలాంటి సమస్యలు ఇంతకుముందు చూశారా అని మూడు ప్రశ్నలు వేయండి. వీటికి చిరాకుపడే మనిషి దగ్గర మీ మనసు విప్పలేరు. మూడు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్ గోడకి తగిలించుకునేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాం.

లేడీ థెరపిస్టే కావాలని అడగొచ్చా?

అడగొచ్చు. ఎందుకని మేం తిరిగి అడగం.

మాకు తెలిసినావిడ ఒకరు మీ సెంటర్లో పనిచేస్తున్నారు. ఆవిడకి తెలిసిపోతుందా?

చిన్న ఊళ్లో, బంధువుల మధ్య ఈ భయం సహజమే. ఫోన్ చేసినప్పుడే ఫలానావారు నాకు తెలుసని రిసెప్షన్‌లో చెప్పండి. ఆవిడ లేని రోజు టైమిస్తాం, మీ ఫైలు ఆవిడ చేతికి వెళ్లకుండా చూస్తాం. బంధువులకు, స్నేహితులకు, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు మా థెరపిస్టులెవరూ థెరపీ చేయరు. అలాంటప్పుడు ఇంకో థెరపిస్టుకి అప్పగిస్తాం. అదీ కుదరకపోతే వేరే సెంటర్ పేరు చెబుతాం.

మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలట. ఇక్కడి నుంచి ఆన్‌లైన్లో చూస్తారా?

అక్కడ థెరపీ లైసెన్సులు రాష్ట్రాల వారీగా ఉంటాయి. మాకు ఆ లైసెన్సు లేదు, అందుకని అక్కడ ఉన్నవాళ్లకు చికిత్స మొదలుపెట్టం. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అబ్బాయికి అర్ధరాత్రి పరిస్థితి చేయి దాటితే ఇక్కడి నుంచి మేం ఎవరినీ పంపలేం. ముందు యూనివర్సిటీలోని కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లమనండి. చాలాచోట్ల విద్యార్థులకు విడిగా ఫీజు ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీ వెబ్‌సైట్‌లో తెలుగు మాట్లాడే థెరపిస్టులు ఉన్నారేమో భాషను బట్టి వెతకొచ్చు. అత్యవసరమైతే అక్కడ 988కి ఫోన్ చేయాలి. అమ్మానాన్నలుగా మీకు వచ్చే టెన్షన్ గురించి మాట్లాడాలంటే మాత్రం మీరు ఇక్కడికి రావచ్చు.

## పద్ధతుల గురించి

సీబీటీ, ఈఎండీఆర్, ఏసీటీ అని ఏవేవో పేర్లు. నాకేది కావాలో నాకెలా తెలుస్తుంది?

మీకు తెలియక్కర్లేదు. ఇవన్నీ థెరపీ పద్ధతుల పేర్లు. పేరు పట్టుకుని రావడం కన్నా, నాకున్న ఇబ్బందికి ఈ గదిలో ఏం చేస్తారని అడగడం మేలు. జవాబు మామూలు తెలుగులో, మీకు అర్థమయ్యేలా రావాలి. కొన్ని సమస్యలకు ఫలానా పద్ధతి బాగా పనిచేస్తుందని గట్టి ఆధారాలున్నాయి. ఓసీడీ, పానిక్, ఫోబియాలు (ఫలానా వస్తువో, చోటో అంటే విపరీతమైన భయం) అలాంటివి. అక్కడ పద్ధతి ముఖ్యం. దుఃఖం, ఒంటరితనం, ఏ దారి పట్టాలో తేలని అయోమయం వంటివాటికి థెరపిస్టుతో మీకు కుదిరే నమ్మకమే ఎక్కువ పని చేస్తుంది. ప్రతి సమస్యకీ ఒకే పద్ధతి చెప్పే సెంటర్ దగ్గర కాస్త ఆగి ఆలోచించండి.

సీబీటీ అంటే పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పడమేనా?

కాదు. పాజిటివ్‌గా ఉండు అని మీ బావగారు ఎలాగూ చెబుతారు, దానికి ఫీజు అక్కర్లేదు. సీబీటీని, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, 1960ల్లో అమెరికా సైకియాట్రిస్టు ఆరన్ బెక్ మొదలుపెట్టారు. ఒక సంఘటన, దాన్ని మీరు అర్థం చేసుకున్న తీరు, దాంతో వచ్చిన బాధ, ఆ బాధలో మీరు చేసిన పని, ఈ నాలుగింటినీ విడదీసి కాగితం మీద పెట్టడం అందులో మొదటి మెట్టు.

ఉదాహరణకు, మీ మేనేజర్ వాట్సాప్‌లో మీ మెసేజ్ చూశారు, జవాబివ్వలేదు. నా పని నచ్చలేదు, ఉద్యోగం పోయినట్టేననుకున్నారు. కడుపులో తిప్పింది. మర్నాడు సెలవు పెట్టేశారు. ఆ ఆలోచనకు ఉన్న ఆధారాలేంటి, లేని ఆధారాలేంటి అని థెరపిస్టుతో కలిసి చూస్తారు. ఒక్కోసారి మీ భయమే నిజమని తేలుతుంది. అప్పుడు ఏం చేయాలన్నదాని మీద పని చేస్తారు. ఇంటికి హోంవర్క్ ఇస్తారు. అది చేయకపోతే సీబీటీ నెమ్మదిగా నడుస్తుంది, కొందరికైతే అసలు నడవదు.

మా అత్తగారు చేతులు కడిగిందే కడుగుతారు. మడి అంటారు. అది మడా, జబ్బా?

మడికి ఒక హద్దు ఉంటుంది. స్నానం చేసి, ఆరేసిన బట్ట కట్టుకుంటే అయిపోయినట్టే, ఇంట్లో ఆచారం తెలిసిన ఇంకో పెద్దావిడ కూడా అవునంటారు. ఓసీడీలో ఆ తృప్తి రాదు. సరిగ్గా కడిగానో లేదోనన్న అనుమానంతో మళ్లీ మొదలవుతుంది. చర్మం పగిలినా ఆగదు. పూజ అయ్యేసరికి మధ్యాహ్నమవుతుంది, ఇంట్లో అందరూ ఆవిడ నియమాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఆవిడకీ అది ఇష్టంగా ఉండదు.

దీనికి మందులతో పాటు బాగా పనిచేసేది ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. భయపడే వస్తువును చిన్నదానితో మొదలుపెట్టి ముట్టుకోవడం, వెంటనే కడగకుండా ఆగడం. తలుపు గడియ ముట్టుకుని పది నిమిషాలు కూర్చోవడం మొదటి రోజు పని కావచ్చు. ఆందోళన పెరుగుతుంది. కడగకుండానే కాసేపటికి తగ్గుతుంది కూడా. ఏది ముందో, ఏది తర్వాతో ఆవిడే నిర్ణయిస్తారు. ఆచారాన్ని ఎగతాళి చేయడం, బలవంతంగా ముట్టించడం ఇందులో ఉండవు. ఇంట్లోవాళ్లకు కూడా పని ఉంది: శుభ్రంగానే ఉందిలే అని పదే పదే భరోసా ఇవ్వడం మానాలి. మీరిచ్చే ఆ మాట వల్ల అనుమానం ఇంకా ముదురుతుంది.

యాక్సిడెంట్ అయి రెండేళ్లయింది. ఇప్పటికీ లారీ హారన్ వింటే ఒణుకు. కళ్లు అటూ ఇటూ తిప్పించే థెరపీ నిజంగా పనిచేస్తుందా?

మీరంటున్నది ఈఎండీఆర్. 1987లో ఫ్రాన్సీన్ షపీరో అనే అమెరికా సైకాలజిస్టు మొదలుపెట్టారు. జరిగిన ఘటనను గుర్తు చేసుకుంటూ థెరపిస్టు వేలి కదలికను కళ్లతో అనుసరించాలి. కళ్ల కదలికకు ఎంత పాత్ర ఉందన్న దాని మీద పరిశోధకుల్లో వాదన ఉంది. మొత్తంగా ఆ చికిత్స పనిచేస్తుందన్న దానికి మాత్రం ఆధారాలు బాగానే ఉన్నాయి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీవ్రమైన ఆఘాతం తర్వాత వచ్చే పీటీఎస్‌డీకి దీన్నీ, ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీనీ సిఫారసు చేసింది. శిక్షణ లేనివాళ్లు వీడియోలు చూసి చేసే ఈఎండీఆర్ జోలికి వెళ్లకండి. సగంలో తెరిచి వదిలేసిన జ్ఞాపకం వారమంతా వేధిస్తుంది.

హిప్నాటిజం చేస్తారా? పూర్వజన్మ చూపిస్తారా?

చేయం. చూపించం.

ఇంటర్ చదివే మా అమ్మాయి హాస్టల్లో ఉండనంటోంది. మీరు కాస్త నచ్చజెప్పి పంపిస్తారా?

జూన్ నుంచి ఆగస్టు దాకా మాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. నచ్చజెప్పే పని మేం ఒప్పుకోం. అమ్మాయి గదిలోకి రాగానే తనని హాస్టల్‌కి తిప్పి పంపడానికే ఈవిడ ఉందని కనిపెట్టేస్తుంది, ఇక నోరు విప్పదు.

మేం చేసేదేమంటే, ముందు మీ మాట విని, తర్వాత అమ్మాయితో ఒంటరిగా కూర్చుంటాం. ఉండలేకపోవడానికి కారణాలు ఒక్కోసారి చాలా చిన్నవి: తిండి పడకపోవడం, గదిలో ఎనిమిది మంది మధ్య నిద్ర లేకపోవడం. ఒక్కోసారి పెద్దవి: వీక్లీ టెస్ట్ మార్కులు బట్టి సెక్షన్ మార్చి అవమానించడం, తోటివాళ్ల వేధింపులు, వార్డెన్ ప్రవర్తన, ఎంపీసీ తన వల్ల కాదని తెలిసినా నాన్నకు చెప్పలేకపోవడం. పదహారేళ్ల పిల్ల ఆగకుండా ఏడుస్తోందంటే నాటకమని కొట్టిపారేయకండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మీ సమ్మతి కావాలి, కాబట్టి మీరు లేకుండా ఏదీ జరగదు. అలాగని తను చెప్పిన ప్రతి మాటా మీకు చేరవేయం. ప్రాణానికి, భద్రతకు సంబంధించినదైతే తప్పకుండా చెబుతాం, చెప్పబోతున్నామని అమ్మాయికి కూడా ముందే చెబుతాం. చివరికి తిరిగి హాస్టల్‌కి వెళ్లొచ్చు, డే స్కాలర్‌గా మారొచ్చు, గ్రూపే మారొచ్చు. ఫీజు కట్టేశాం కదా అన్నది పెద్ద బాధే, కాదనం.

చిన్నపిల్లలకు ఏం థెరపీ చేస్తారు? ఆడుకుని వచ్చానంటున్నాడు మావాడు.

ఆడుకోవడమే అక్కడ పని. ఆరేళ్ల పిల్లాడు మనసులో మాట కుర్చీలో కూర్చుని చెప్పలేడు, బొమ్మలతోనో, రంగులతోనో బయటపెడతాడు. అల్లరి, మొండితనం విషయంలో సగం సెషన్లు అమ్మానాన్నలతోనే ఉంటాయి, వాడికంటే ముందు ఇంట్లో పద్ధతులు మారాలి కాబట్టి. చదవడం, రాయడంలో ఇబ్బంది ఉందనిపిస్తే పరీక్షలు చేసి రిపోర్టు ఇస్తాం. వైకల్య ధ్రువపత్రం మాత్రం మేం ఇవ్వలేం. దానికి సదరం ద్వారా ప్రభుత్వ వైద్యుల దగ్గరికే వెళ్లాలి.

మేమిద్దరం రోజూ గొడవే. తప్పెవరిదో మీరు తేల్చి చెబుతారా?

తీర్పు చెప్పం. గొడవ ఎలా మొదలై, ఎలా పెరిగి, ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ కనబడేలా చేస్తాం. ఒకరు గట్టిగా అడుగుతారు, ఇంకొకరు ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్తారు. వెళ్తున్న కొద్దీ అడగడం పెరుగుతుంది, అడిగే కొద్దీ వెళ్లడం పెరుగుతుంది. ఎక్కువ జంటల్లో ఇదే వరస. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టం. ఇక్కడ నోరు తెరిచినందుకు ఇంటికెళ్లాక దెబ్బలు తినే ప్రమాదం ఉంది. విడిగా మాట్లాడతాం. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది.

మా ఆయన రానంటున్నారు. నేనొక్కదాన్నే వస్తే లాభమేంటి?

రండి. ఆయన్ని మార్చలేం కానీ, గొడవలో మీ వంతు ఎక్కడుందో, మీరు ఎక్కడ గీత గీయాలో స్పష్టత వస్తుంది. భార్య మాట తీరు మారిందని గమనించి, అసలు అక్కడేం చెబుతున్నారని చూడటానికి వచ్చే భర్తలూ ఉన్నారు.

మా తమ్ముడితో మందు మాన్పించాలి. తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందట కదా?

దయచేసి కలపకండి. అలా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది కడుపులో ఉండగా మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్లు ఆ మందు వాడతారు, మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి వాడతారు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే. ఫిట్స్ రావచ్చు, మతి తప్పినట్టు మాట్లాడొచ్చు. కాబట్టి మొదటి వారం డాక్టర్ పర్యవేక్షణలో గడవాలి.

ఆ తర్వాతే మా పని. మానమని పోరు పెట్టకుండా, మానడానికి, మానకపోవడానికి తనకున్న కారణాలను తనతోనే చెప్పించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి వాడతాం. ఒట్టు వేయించుకోవడం కన్నా ఇది నెమ్మది. మళ్లీ తాగితే మొత్తం పోయినట్టు కాదు, ఎందుకు తాగారో చూసి అక్కడి నుంచి కొనసాగిస్తాం.

## మొదటి సెషన్

మొదటి రోజు ఏం అడుగుతారు? ఏమైనా తెచ్చుకోవాలా?

ఏం ఇబ్బంది, ఎప్పటి నుంచి, నిద్ర, తిండి, ఒంట్లో ఇతర జబ్బులు, వాడుతున్న మందులు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అని అడుగుతాం. డిప్రెషన్ అనుమానం ఉంటే గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నల కాగితం ఇస్తాం. సున్నా నుంచి 27 దాకా స్కోరు వస్తుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే కాగితం నింపితే మార్పు కనబడుతుంది. పాత ప్రిస్క్రిప్షన్లు ఉంటే తీసుకురండి. సెషన్ 50 నిమిషాలు. చెప్పలేనివి ఆ రోజే చెప్పాల్సిన పని లేదు.

నేను చెప్పింది ఎవరికీ చెప్పరు కదా?

చెప్పం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గోప్యత మీ హక్కు. మీ భర్త, మీ అత్తగారు, మీ ఆఫీసు హెచ్ఆర్ ఎవరు ఫోన్ చేసినా మీరు ఇక్కడికి వస్తున్నారన్న విషయం కూడా చెప్పం. మినహాయింపులు మొదటి రోజే చదివి వినిపిస్తాం: మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు. చివరిది పోక్సో చట్టం కింద తప్పనిసరిగా పోలీసులకు తెలపాలి. దాయడం మాకు కుదరదు.

చచ్చిపోవాలనిపిస్తోందని చెబితే పోలీసు కేసవుతుందా?

అవ్వదు. అలాంటి ఆలోచన రావడం నేరం కాదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేనే లేదు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. మేం భయపడం, ఉపన్యాసం ఇవ్వం. ఆ ఆలోచన ఎప్పుడు ఎక్కువవుతుంది, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎవరి దగ్గర పెట్టాలి అని మీతో కలిసి ఒక కాగితం మీద రాసిస్తాం. ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలని అడుగుతాం, ఎవరికన్నది మీరే ఎంచుకోండి.

ఇప్పుడే, ఈ క్షణంలోనే అలా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. టెలీ మానస్ 14416 ప్రభుత్వ నంబర్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం ఉంటే 112, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీ.

## డబ్బు, టైము

ఫీజు ఎక్కువనిపిస్తోంది. ఇంకో దారి లేదా?

ఉంది. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. మందులకైతే ప్రభుత్వ ఓపీలకు వెళ్లమని మేమే చెబుతుంటాం. అక్కడ రద్దీ వల్ల గంటసేపు మాట్లాడే థెరపీ దొరకడం కష్టం. మా దగ్గర విద్యార్థులకు తక్కువ ఫీజు ఉంది, అడగడానికి మొహమాటపడకండి.

హెల్త్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని చట్టం చెబుతోంది. కానీ ఎక్కువ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి, కౌన్సెలింగ్ ఓపీ కిందికి వస్తుంది. మీ పాలసీలో ఓపీ కవర్ ఉందో లేదో చూసుకోండి. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు కొన్ని ఉచిత సెషన్లు కంపెనీయే ఇస్తుంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఇంట్లో అందరూ ఉంటారు. ఆన్‌లైన్ సెషన్ ఎలా కుదురుతుంది?

డాబా మీదికెళ్లి మాట్లాడేవాళ్లున్నారు, కారు పక్కకి ఆపి మాట్లాడేవాళ్లున్నారు. కారు నడుపుతూ మాత్రం వద్దు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎవరైనా వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు ముందే అనుకుందాం.

## మొదలుపెట్టాక

ఎన్ని సెషన్లు పడతాయి?

పానిక్, ఫోబియా, ఒక మాదిరి డిప్రెషన్‌కి సీబీటీ అయితే వారానికొకటి చొప్పున 12 నుంచి 20 మధ్య. చిన్ననాటి గాయాలు, ఏళ్లుగా నలిగిన సంబంధాలకైతే నెలలు దాటొచ్చు. ఒక్క సెషన్‌లో నయం చేస్తామన్న ప్రకటనలు నమ్మకండి. ముందే పాతిక సెషన్ల ప్యాకేజీ కొనమనేవాళ్లనీ నమ్మకండి.

సెషన్ అయ్యాక ఇంకా బరువుగా ఉంటోంది. ఇది మామూలేనా?

ఒకటి రెండు రోజులు మామూలే. వారమంతా అలాగే ఉంటే, నిద్ర చెడితే తర్వాతి సెషన్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. వేగం తగ్గించాలేమో చూస్తాం.

మాత్రలు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? అలవాటైపోతాయా?

డిప్రెషన్, ఆందోళనకు ఇచ్చే మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది వారం చూసి పనిచేయలేదని ఆపేస్తారు. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కి బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, నెమ్మదిగా తగ్గిస్తారు. బైపోలార్ (విపరీతమైన హుషారు, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియాకి ఎక్కువ కాలం అవసరమవుతుంది. అలవాటు పడే ప్రమాదం ఉన్నది కొన్ని రకాల నిద్ర, ఆందోళన మాత్రలతో. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి కొనుక్కునేవి తరచుగా అవే. ఏ మందునీ మీ అంతట మీరు హఠాత్తుగా ఆపొద్దు.

థెరపిస్టు నాకు నచ్చలేదు. చెబితే బాధపడతారేమో?

చెప్పండి. మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా మీ మాట వాళ్లకు అర్థం కావట్లేదనిపిస్తే మారిపోవడం మీ హక్కు. ముందు వాళ్లకే చెబితే ఇంకా మంచిది. మీరు ఎక్కువ సలహాలిస్తున్నారు, లేదా ఏమీ మాట్లాడరేంటి అని ముఖాన అడిగాక థెరపీ కుదురుకున్న సందర్భాలున్నాయి. మొహమాటమైతే రిసెప్షన్‌లో చెప్పండి, మారుస్తాం. మీ కులం, మతం, ఇష్టాయిష్టాల గురించి తక్కువ చేసి మాట్లాడటం, సెషన్ బయట కలుద్దామనడం, తాకడం జరిగితే మాత్రం మొహమాటం వద్దు. అది ఫిర్యాదు చేయాల్సిన విషయం.

ఎప్పుడు ఆపాలి? ఆపేశాక మళ్లీ మొదలైతే?

మొదట్లో మీరు పెట్టుకున్న లక్ష్యాలు చాలావరకు తీరాక వారానికొకటి నుంచి పదిహేను రోజులకొకటి, తర్వాత నెలకొకటికి తగ్గిస్తాం. చివరి సెషన్లో, మళ్లీ మొదలవుతోందని తెలిపే మీ సొంత గుర్తులేంటో రాసుకుంటారు. ఒకరికి ఫోన్లు ఎత్తకపోవడం, ఇంకొకరికి తెల్లవారుజామున మెలకువ రావడం. ఆ గుర్తులు కనబడితే పూర్తిగా కుంగిపోయేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. ఫైలు మా దగ్గరే ఉంటుంది, కథంతా మొదటి నుంచి చెప్పక్కర్లేదు. చాలాసార్లు రెండు మూడు సెషన్లతో సరిపోతుంది. పాత థెరపిస్టే కావాలంటే ఆ పేరు చెప్పి టైము తీసుకోండి.